చలువ అనే పేరు ఎవరిది

తీగ దిగిన రెండో రోజు

పొద్దుటి షిఫ్టు. పేర్ల గదిలో వేడి ఇరవై ఆరు డిగ్రీలు, తేమ ఎక్కువ. గోడల చెమ్మ తుడిచాను. కంప్యూటరు పెట్టెల జాలీలు విప్పి, కడిగి, ఆరబెట్టాను. ఈ బాయిలో బొగ్గు తవ్వడం మానేసి నలభై ఏళ్లయినా జాలీల మీద నల్లటి పొడి రోజూ చేరుతూనే ఉంటుంది.

నా పని చిన్నది. ఊళ్లో ఎవరైనా తెర మీద ఒక పేరు కొడితే, ఆ పేరున్న యంత్రం నంబరేమిటో వెతికి ఇచ్చే పట్టిక నా చేతిలో ఉంటుంది. మా ఊరి పేరు చలువ. అందుకని లోపలి పేర్లన్నీ చలువతోనే ముగుస్తాయి. గాలి.చలువ, నీళ్లు.చలువ, దవాఖాన.చలువ. మొత్తం నాలుగు వందల పన్నెండు, అన్నీ నేను పెట్టినవే. ఇరవై రెండేళ్ల కిందట ఎండకు తాళలేక జనం ఈ బాయిలోకి దిగి గేటు మూసుకున్నప్పటి నుంచి పైలోకంతో మాకు మాట లేదు. మా పేర్లతో ఎవరికీ పేచీ రాలేదు.

నిన్న పైనుంచి తీగ దిగింది. దాంతో పాటు, బాయిలోకి మనుషులను దించే కేజ్‌లో జైనబ్ అనే అమ్మాయి దిగింది. ముప్పై ఏళ్లుంటాయి. పై ఊళ్ల నెట్‌వర్కును మా పెట్టెలకు కలపడం ఆమె పని. కేజ్ నలభై రోజులకు ఒక్కసారే నడుస్తుంది కాబట్టి అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది.

పదింటికి మొదటి ఫిర్యాదు వచ్చింది. తెచ్చింది ఒకప్పుడు గని కార్మికుల దీపాలుంచే లాంప్ రూమ్‌లో పనిచేసి రిటైరైన మొగిలి తాత.

"పైన తప్పిపోయినోళ్ల లిస్టు ఉన్నదట గద బిడ్డా. చలువ అని కొడితే వస్తదని ఈ పిల్ల చెప్పింది. నేను కొడితే మన నీళ్ల టైం వచ్చింది."

ఆయన వెనకాలే జైనబ్ ఉంది. "పైన గూడ ఒక చలువ ఉన్నదక్కా" అంది. "గేట్లు మూసినప్పుడు విడిపోయినోళ్లు ఒకళ్లనొకళ్లు దేవులాడుకునే జాగ. పదకొండేండ్ల కింద పెట్టిన్రు. మీ ఊరి పేరు గూడ గదేనని వాళ్లకు తెల్వది."

నాకు వెంటనే అర్థమైంది. చలువతో ముగిసే ప్రతి పేరుకూ తనే యజమాని అని నా పట్టిక అనుకుంటుంది. బయట అడగదు. తన దగ్గర ఉంటే ఇస్తుంది, లేకపోతే లేదంటుంది. మా ఊళ్లో ఎవరు ఎన్నిసార్లు కొట్టినా ఆ బయటి చలువ కనబడదు.

"మా తమ్ముడు సాంబయ్య పైననే ఉండిపోయిండు. ఉన్నడో లేడో జర చూడు బిడ్డా" అన్నాడు తాత.

రెండు రోజులు ఆగమన్నాను. రెండు రోజుల్లో చేద్దామనే అనుకున్నాను.

ఐదో రోజు

పేరుతో పని లేకుండా, నంబరుతో నేరుగా బయటికి వెళ్లే వీలు ఊరంతటిలో నా యంత్రం ఒక్కదానికే ఉంది. పై చలువ నంబరు కనుక్కుని తెరిచాను. సాంబయ్య అని కొట్టాల్సింది. నా వేళ్లు కొట్టింది భూమయ్య అని.

భూమయ్య నా భర్త. పంకా ఫిట్టరు. మా పెళ్లయి పద్నాలుగేళ్లు. అంతకు ముందు ఆయనకు సరోజన అనే భార్య ఉండేది. గేటు మూసిన రోజు తొక్కిసలాటలో ఆమె బయటే ఉండిపోయింది. బతికి ఉండదని అందరూ అన్నారు. ఎనిమిదేళ్లు ఎదురుచూశాక ఆయన కూడా ఆ మాటే అన్నాడు. తర్వాత నన్ను చేసుకున్నాడు.

తెర మీద ఇలా ఉంది.

"నా భర్త భూమయ్య కోసం వెతుకుతున్న. పంకా ఫిట్టరు. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. నిద్రలో కుడి పక్కకే తిరుగుతడు. మూడో నంబరు బాయి గేటు కాడ విడిపోయినం. నా పేరు సరోజన. ఎత్తుగడ్డ ఊర్ల ఉంటున్న."

దాని కింద ఏడాదికొక వరుస చొప్పున పదకొండు వరుసలు. అన్నింట్లోనూ ఒకటే మాట: ఇంకా వెతుకుతున్న.

నిద్రలో కుడి పక్కకు తిరుగుతాడని లోకమంతా చదివే చోట రాసింది. నిజమే. పద్నాలుగేళ్లుగా ఆ వీపు చూస్తూ పడుకుంటున్నదాన్ని నేను. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసనుకున్నాను.

పట్టికలో ఒక్క వరుస చేరిస్తే ఊరంతా ఆ లిస్టు చూడగలదు. చేర్చలేదు. డ్యూటీ పుస్తకంలో "పరిశీలనలో ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఇది మాత్రం నా సొంత నోటుబుక్కు. దీన్ని ఎవరూ చదవరు.

తొమ్మిదో రోజు

జైనబ్ ఒక పథకంతో వచ్చింది. నా బల్ల మీద కాగితం పరిచి గీసి చూపించింది.

"చలువ అన్నది బయట వాళ్ల పేరున రాసి ఉన్నదక్కా. మనం గుంజుకోలేం. మనకోసం మూడోబాయి అని కొత్త పేరు రాయిస్త. లోకంల ఇంకెవ్వలికీ ఉండది. లోపలి పేర్లన్నీ దాని కిందికి తెద్దాం. గాలి.మూడోబాయి, దవాఖాన.మూడోబాయి. అప్పుడు చలువ అంటే బయటికి పోతది, మూడోబాయి అంటే లోపలికి వస్తది. పంచాయితే ఉండది."

"పంకాల సంగతేంది?" అన్నాను. "నలభై ఒక్క పంకా. గాలి.చలువ అనే పేరు వాటి చిప్పులల్లనే ఉన్నది. ఆ పేరు జవాబియ్యకపోతే అరగంటల పంకా ఆగుతది. ఏడో లెవెల్ల మూడు వందల మంది ఉంటరు."

ఆమె కాగితం మీద ఇంకో గీత గీసింది. "అయితే గంతదాంక నీ పట్టికల ఒక్క వరుస పెట్టు. ఆ లిస్టు ఒక్కదాన్ని బయటికి పోనియ్యి."

"ఇయ్యాల ఒక్క వరుస, రేపు వంద. వాళ్లు నంబరు మార్చినప్పుడల్లా నాకెవలు చెప్తరు?"

"పోనీ పైన మావోళ్లను అడిగి మొగిలి తాత తమ్ముని సంగతన్న తెల్సుకోనా?"

"ఒక్కలకు చేస్తే నాలుగు వేల మంది నీ ముంగట నిలబడ్తరు. ఊరి కమిటీ ఒప్పుకోది."

వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పే మాటలే. జైనబ్ తలూపింది. అనుభవమున్నదాన్నని నమ్మి, కాగితం మడిచి తీసుకుపోయింది.

పదహారో రోజు

సాయంత్రం పుట్టగొడుగుల కూర, జొన్న గటక చేశాను. భూమయ్య పంకాల గ్రీజు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. మామూలుగా వారానికి ఒక్కసారి గీసుకుంటాడు. ఈ వారంలో ఇది మూడోసారి.

"ఆ లిస్టు ఎప్పుడు తెరుస్తవు?" అన్నాడు గటక కలుపుకుంటూ. "మొగిలి తాత రోజూ నన్నడుగుతుండు."

"తాత అడుగుతుండా, నువ్వడుగుతున్నవా?"

ఆయన తలెత్తి చూశాడు. "నేనడిగితే తప్పా?"

తప్పని అనలేదు. కూర వేశాను. ఆయన తిన్నంతసేపూ ఆయన ముఖంలో ఆమె కోసం వెతికాను. ఉప్పు అడిగితే, ఆమె చేతి ఉప్పు ఎక్కువగా ఉండేదేమో అనుకున్నాను. ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుకుంటే ఎందుకని అడిగాను. నాలుగో లెవెల్‌లో ఎవరో పంకాకు చీర ఆరేశారట, దానికి నవ్వాడట. నేను నమ్మలేదు. పడుకున్నాక ఎప్పటిలాగే కుడి పక్కకు తిరిగాడు. ఈసారి నేనూ అటు తిరిగి పడుకోలేకపోయాను.

ఇరవై మూడో రోజు

రోజూ ఆ పేజీ తెరుస్తున్నాను. ఇవాళ ఫొటో ఉంది. సరోజన జుట్టు పూర్తిగా తెల్లబడింది. నీడ పరదా కింద ఒక సొరపాదు ముందు నిలబడి ఉంది. కళ్లు చికిలించి చూస్తోంది. ఎండ కళ్లలో పడుతోందన్నమాట. మా బాయిలో ఎవరూ అలా చూడరు. ఆమె నాకంటే అందంగా లేదు. నాకంటే చిన్నదీ కాదు. ఆ రెండూ నాకేమీ సాయం చేయలేదు. ఎండలో నిలబడి పదకొండేళ్లు ఒక మనిషిని వెతికిన మొహం అది. నా మొహంలో అలాంటిదేమీ ఉండదు. ఆయన ఎప్పుడూ నాకు తప్పిపోలేదు.

తర్వాత, ఇన్నాళ్లకు, సాంబయ్య అని కొట్టాను. దొరికాడు. ఎత్తుగడ్డకు అవతల ఒక దవాఖానలో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు. "అన్న మొగిలితో ఒక్కసారి మాట్లాడాలని ఉంది" అని అతని తరఫున ఒక నర్సు రాసింది.

మొగిలి తాతకు చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. అది చెబితే భూమయ్య సంగతి బయటపడుతుంది. మంచాన ఉన్నవాడు ఇంకొన్నాళ్లు ఉంటాడులే అనుకున్నాను. అనుకుని జాలీలు కడిగాను.

ఇరవై తొమ్మిదో రోజు

జైనబ్ ఊరుకోలేదు. ఐదో లెవెల్‌లో ఒక పాత పంకా దగ్గర నాలుగు రోజులుగా కూర్చుంటోంది. ఇవాళ కమిటీ వాళ్లందరినీ అక్కడికి పిలిచింది.

"పాత పేరు తీసెయ్యం" అని వాళ్లకు చెప్పింది. "గాలి.చలువ, గాలి.మూడోబాయి, రెండు పేర్లకూ ఒకటే నంబరు ఇస్తం. పంకా ఏ పేరుతోని పిలిచినా జవాబు అందుతది. చిప్పులు ఒక్కొక్కటి మార్చుకుంట పోతం. అన్నీ అయినంక పాత పేరు వదిలేస్తం."

పంకా గంటసేపు ఆగకుండా తిరిగింది. భూమయ్య రేకు మీద చెయ్యి పెట్టి చూసి, "ఈ పిల్లకు పని వస్తది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒక నంబరుకు రెండు పేర్లు. అది నాకు తట్టని ఉపాయం కాదు. తొమ్మిదో రోజునే, ఆమె బల్ల మీద కాగితం పరిచినప్పుడే తట్టింది. చెప్పలేదు. ఇప్పుడు ఆ చప్పట్లు ఆమెకు పోతుంటే కడుపు మండింది. ఆయన మెచ్చుకున్నది ఆమెను కాబట్టి ఇంకా మండింది. పని మొదలుపెట్టడానికి పేర్లన్నీ రాసివ్వమని కమిటీ నన్ను అడిగింది. పది రోజులు పడుతుందన్నాను. నిజానికి ఒక పూట పని.

ముప్పై నాలుగో రోజు

పొద్దున పది గంటలకు సాంబయ్య పేజీలో నర్సు రాసిన వరుస పోయింది. ఆ చోట ఇలా ఉంది: "నాలుగు రోజుల కింద చనిపోయాడు. బంధువులెవరూ రాలేదు."

  పట్టిక తెరిచి, వెతికే లిస్టుకు బయటి నంబరు చూపే వరుస చేర్చాను. నలభై సెకన్లు పట్టింది.

అక్కడి నుంచి నేరుగా రెండో లెవెల్‌కు నడిచాను. మొగిలి తాత గదిలో ఒక అట్టముక్క గోడకు తగిలించి ఉంది. తమ్ముడు దొరికితే అడగాల్సినవి దాని మీద రాసుకున్నాడు. అమ్మ ఏడ బోయింది. లక్ష్మి పెళ్లయిందా. నా సైకిల్ ఎవలకిచ్చినవు. ఆయనకు అక్షరాలు సరిగా రావు. ఎవరితోనో రాయించుకుని, కింద తన చేత్తో మొగిలి అని దిద్దుకున్నాడు.

అంతా చెప్పాను. ఏ రోజు చూశానో, ఎందుకు చెప్పలేదో, ఎవరికి భయపడ్డానో. సాకు ఒక్కటీ చెప్పలేదు.

 "అంటే నువ్వు చూసిన నాడు వాడు బతికే ఉన్నడు" అన్నాడు తాత.

"ఉన్నడు తాతా."

"మాట్లాడుతుండెనా?"

"మాట్లాడుతనని నర్సుతోని రాయించిండు."

ఆయన లేచి అట్టముక్క తీశాడు. చింపుతాడనుకున్నాను. తలగడ కింద పెట్టుకున్నాడు. "పో బిడ్డా" అన్నాడు. "నీ మొహం ఇప్పుడు నేను చూడలేను. పో."

ఇంటికి వచ్చేసరికి భూమయ్య అప్పుడే షిఫ్టు దిగాడు. చేతులు కడుక్కోకముందే చెప్పేశాను. సరోజన ఉంది, ఎత్తుగడ్డలో ఉంది, ఐదో రోజు నుంచి నాకు తెలుసు.

గ్రీజు చేతులతో అలాగే గోడకానుకుని కింద కూర్చున్నాడు.

"మొగిలి తాతకు చెప్పినవా?"

"చెప్పిన. ఆయన దగ్గరికే ముందు పోయిన."

"గంతన్న చేసినవు" అన్నాడు. కోపం లేదు, దయ కూడా లేదు. ఆ పూట అన్నం తినలేదు. నేను కూడా తినలేదు.

ముప్పై ఎనిమిదో రోజు

కమిటీ ముందు ఒప్పుకున్నాను. నన్ను పేర్ల గది నుంచి తీసేశారు. పేర్లు మార్చే పని అయ్యేదాకా మాత్రం జైనబ్ కింద కూర్చుని చెప్పాలి, ఎందుకంటే ఏ యంత్రం ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ తర్వాత పుట్టగొడుగుల అరల దగ్గర పని.

మధ్యాహ్నం సరోజన పేజీ తెరిచి "దొరికారు" అని గుర్తు పెట్టాను. ఎవరు కనుగొన్నారు అని ఒక గడి ఉంది. స్వరూప, భార్య అని రాశాను. భార్య అన్న మాట కొట్టేసి, మళ్లీ రాశాను.

గంటలో పైనుంచి పిలుపు వచ్చింది. భూమయ్యను తీసుకురావడానికి జైనబ్ పరుగెత్తింది. ఆయన వచ్చేదాకా ఆ గొంతు ముందు నేను ఒక్కదాన్నే ఉన్నాను.

"స్వరూప అంటే నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఎన్నడు చూసినవు నా పేరు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తీగ దిగిన ఐదో రోజు. ఇయ్యాల ముప్పై ఎనిమిది."

 పంకా చప్పుడు వినిపిస్తోంది, ఆమెదో మాదో తెలియలేదు.

"ముప్పై మూడు రోజులు దాచినవు."

"దాచిన."

"ఆయన నీ ఇంట్లనే తింటుండె, నీ ఇంట్లనే పంటుండె. అయినా దాచినవు."

"దాచిన అక్కా."

 "నేనైతే అసలే చెప్పకపోదును" అంది. "ఆయన వచ్చిండా? వస్తే ఇయ్యి."

భూమయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుర్చీ ఆయనకిచ్చి బయటికి వచ్చాను. తలుపు నేనే వేశాను. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. బయట బెంచీ మీద కూర్చుని నిమిషాలు లెక్కపెట్టాను. లోపల ఒకసారి ఆయన ఏడ్చాడు. నా ముందు ఆయన ఎప్పుడూ ఏడవలేదు.

నలభై ఒకటో రోజు

పొద్దున ఎనిమిదింటికి కేజ్ పైకి వెళ్లింది. అందులో భూమయ్య ఉన్నాడు, తమ్ముడిని పూడ్చిన చోటు చూడటానికి వెళ్తున్న మొగిలి తాత ఉన్నాడు. తాత నా వైపు చూడలేదు. భూమయ్య చూశాడు. "తిరుగు కేజ్‌ల వస్త" అన్నాడు. అంటే ఇంకా నలభై రోజులు. రానని అనలేదు కదా అని చెప్పుకుంటూ నడిచాను. వస్తానన్నవాళ్లంతా రారని సరోజనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు.

జైనబ్ వెళ్లలేదు. పని అయ్యేదాకా ఉంటానంది.

అరవై ఏడో రోజు

నాలుగు వందల పన్నెండు పేర్లూ మారాయి. పొద్దున పాత పేరును పట్టికలోంచి తీసేశాం. తీసిన పావుగంటకు ఏడో లెవెల్ నుంచి ఫోను, పంకా ఎర్ర దీపం చూపిస్తోందని. ఎక్కడో ఒక చిప్పు మిగిలిపోయింది.  నేను రాసిచ్చిన లిస్టులో తప్పిపోయిన పంకా అది. బడి వెనక గోడలో భూమయ్య తొమ్మిదేళ్ల కింద బిగించినది. ఆయన బిగించిన ప్రతి పంకా నాకు తెలుసు. మెట్లు దిగి పరుగెత్తి, మూత విప్పి కొత్త పేరు ఎక్కించాను. ఆగడానికి ఇంకా ఆరు నిమిషాలు ఉంది.

ఇప్పుడు ఊళ్లో ఎవరైనా చలువ అని కొడితే పైనున్న లిస్టు వస్తుంది. నూటా తొంభై మందికి తమవాళ్లు దొరికారు. ఇంకో మూడు వందల మందికి ఎవరూ మిగల్లేదని తెలిసింది. ఊరి పేరు మాత్రం మాటల్లో ఇంకా చలువే.

గది తాళంచెవులు జైనబ్‌కు ఇచ్చాను. "నువ్వు లేకుంటే ఇయ్యాల ఏడో లెవెల్ ఏమయ్యేదో అక్కా" అంది. మనసులో మాటే అన్నది. ఆమె నా కుర్చీలో కూర్చుని, ఎత్తు సరిపోక చక్రం తిప్పి సరిచేసుకుంది. అది చూడకుండా వచ్చేశాను.

ఎనభై ఒకటో రోజు

కేజ్ పదకొండింటికి దిగింది. తలుపు తెరిచేసరికి ముందు మొగిలి తాత వచ్చాడు, నా పక్క నుంచే నడిచి వెళ్లిపోయాడు. వెనక భూమయ్య. ముఖం ఎండకు కమిలి, ముక్కు మీద తోలు లేచింది. నన్ను చూసి సంచి కింద పెట్టాడు.

ఇంటికి వచ్చాక తనే చెప్పాడు.

"ఇరవై రెండేండ్లు నన్ను ఎందుకు దేవులాడిందో తెల్సా? ఒక్క ముచ్చట అడగనీకి. గేటు కాడ జనం తోస్తే చెయ్యి ఊడిందా, నేను వదిలిన్నా అని."

నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"పంకా ఫిట్టర్లు ముందుగల్ల లోపలికి రావాలె అని మైకుల పిలిచిన్రు. ఒక్కొక్కలనే వదులుతున్రు. ఆమె చెయ్యి నా చేతిల గట్టిగనే ఉండె. నేనే వదిలిన. లోపలికి పోయి, చెప్పి, మల్ల వచ్చి తోల్కపోత అనుకున్న. మల్ల వచ్చేసరికి గేటు పడ్డది."

"ఏమన్నది?"

" నాకు తెల్సు అన్నది. నీ నోటెంట వినాలని ఉండె అన్నది. ఇగ పో అన్నది."

"మరి నలభై రోజులు?"

"కేజ్ లేదు గద. ఆమె ఇంటి పక్క తాతకూ నాకూ ఒక గుడిసె ఇచ్చిన్రు. ఆమె పరదాలు కుట్టిచ్చిన, నీళ్ల మోటరు బాగుచేసిన."

అన్నం పెట్టాను. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. పద్నాలుగేళ్లు నా పక్కన పడుకున్న మనిషి. ఒక్కసారి కూడా ఈ మాట నాకు చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు ఇన్నేండ్లు?"

"ఆమెకు చెప్పకముందు నీకెట్ల చెప్పాలె?"

జవాబు సబబుగానే ఉంది. అయినా నాకు నచ్చలేదు. ఆ మాట ముందు ఆమె విన్నది, నేను తర్వాత విన్నాను. ఈ మంట ఇలాగే ఉంటుంది నాకు, పోదు.

"మల్ల పోతవా?" అన్నాను.

"ఏడాదికోసారి రమ్మన్నది. నిన్ను గూడ తోల్కరమ్మన్నది."

"నేను రాను."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. నేను గిన్నెలు తీశాను, కడిగాను, బోర్లించాను.

"ఎత్తుగడ్డల ఎండ ఎంతుంటది?" అని అడిగాను.